తెలుగు క్రైస్తవ పరిభాషయు, నేటి శ్రోతకు దాని యర్థబోధయు

పదమును వినుట వేఱు. పదార్థమును గ్రహించుట వేఱు. అర్థ మెఱుగక వేదమును వల్లించువానిని భారము మోయు స్తంభముతో బోల్చిన ప్రాచీనవచన మొకటి యాస్కుని నిరుక్తమున నుదాహృతమై యున్నది. ఆ మాట యొక్క మతమువారికే చెల్లునది కాదు. ఏ దేవళమునందైనను, ఏ ప్రార్థనామందిరమునందైనను పెదవులు పలుకుచుండగా మనస్సు వెలుపలనే నిలిచియున్నచో, నచట ధ్వని మిగులును గాని యారాధన మిగులదు.

తెలుగు క్రైస్తవుల యారాధనమున నేడీ ప్రశ్న ముఖ్యమైనది. వారి వేదపుస్తకమును, కీర్తనలును, ప్రార్థనాక్రమములును 19వ శతాబ్దిలో నేర్పడిన భాషను చాలవఱకు నిలుపుకొని యున్నవి. గిడుగు వేంకట రామమూర్తి (1863–1940) ప్రభృతుల యుద్యమము ఫలించిన పిమ్మట బడులును, పత్రికలును వ్యవహారభాషను గైకొన్నవి. కావున నేటి బాలుడు ఇంటను, బడిని నొక తెలుగును విని, యాదివారమున మందిరమునందు వేఱొక తెలుగును వినుచున్నాడు. ఇందులకు బ్రతిక్రియ చెప్పువారు రెండు పక్షములుగా నున్నారు. పాతపదముల నెల్ల దీసివైచి వాడుకమాటలను బెట్టవలెనని యొక పక్షము. తాతలనాటి మాటను ముట్టరాదని రెండవ పక్షము.

రెండు పక్షములును పదము నొక్కదానినే చూచుచున్నవి. పదమునకు నర్థమునకు గల సంబంధము శ్రోతకు దెలియు విధమేది యను ప్రశ్న దానికంటె మొదటిది. నైయాయికులు దీనిని శక్తిగ్రహమని పేర్కొని, దాని కెనిమిది యుపాయములను జెప్పిరి: వ్యాకరణము, ఉపమానము, కోశము, ఆప్తవాక్యము, వ్యవహారము, వాక్యశేషము, వివృతి, సిద్ధపదసాన్నిధ్యము. క్రైస్తవపరిభాషను గల్పించినవారు వీనిలో వ్యాకరణకోశములను జక్కగా వినియోగించిరి. తక్కిన యాఱింటి పని తరతరమునకు గ్రొత్తగా జరుగవలసినది. అది జరుగని చోట బదము పాతదైనను, క్రొత్తదైనను మూగవోవును. ఈ విషయమే యిచట సోదాహరణముగా విచారింపబడుచున్నది.

పరిభాష పుట్టిన తెఱగు

18వ శతాబ్దిలో మంగళగిరి ఆనందకవి వేదాంతరసాయనమను పద్యకావ్యమున గ్రీస్తుచరితమును దెలిపెను. ఆ కావ్యనామమే గమనింపదగినది. ఉపనిషత్తులయందు రూఢమైన వేదాంతశబ్ద మందు గ్రైస్తవతత్త్వమునకు సంక్రమించినది. నేటికిని దెలుగు క్రైస్తవులు తమ దైవశాస్త్రమును వేదాంతమనియు, నది నేర్పు విద్యాలయమును వేదాంతకళాశాల యనియు వ్యవహరించుచున్నారు.

ఆ శతాబ్దియందే జర్మను దేశీయుడగు బెంజమిన్ షుల్జ్ 1719లో దరంగంబాడి చేరి, 1726లో జెన్నపట్టణమునకు వచ్చి, తెలుగు నేర్చి బైబిలు భాగములను దెనిగించెను. ఆ యనువాద మచ్చుపడలేదు. కాని యతడు రచించిన మతబోధకములగు తెలుగు పొత్తములు కొన్ని జర్మనీలోని హాలె నగరమున 1746–47 ప్రాంతమున ముద్రితములైనవి. పిమ్మట 1805లో విశాఖపట్టణము చేరిన జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజి అను లండను మిషనువారు, ఆనందరాయరను బ్రాహ్మణక్రైస్తవుని తోడ్పాటుతో సువార్తలను దెనిగింపసాగిరి. వానిలో మూడు 1812లో శ్రీరామపురమున నచ్చయినవి. ఇర్వురు దొరలును 1810 నాటికే కీర్తిశేషులైరి. వారి వెనుక నా పనిని గొనసాగించినవారిచే క్రొత్తనిబంధన 1818లో జెన్నపట్టణమున వెలువడినది. విలియం కేరీ పండితసహాయమున సిద్ధము చేసిన వేఱొక తెనుగుసేత శ్రీరామపురమున నా 1818లోనే వచ్చినది.

ఈ యనువాదకుల ముందు మూడు దారులుండెను. మూలపదము నవయవములుగా విడదీసి, యొక్కొక యవయవమునకు సమానమైన దానిని గూర్చి క్రొత్తపదమును నిర్మించుట మొదటిది. దేశమున నదివఱకే యున్న శాస్త్రపదమును గ్రహించి దానికి గ్రొత్త యర్థమును సంక్రమింపజేయుట రెండవది. మూలపదమునే తెలుగు విభక్తి చేర్చి యుంచుట మూడవది. మూడు దారులకును వేర్వేఱు గుణములును, వేర్వేఱు చిక్కులును గలవు.

అవయవానువాదములు

మొదటి దారికి మంచి యుదాహరణము సువార్త. గ్రీకున యువాంగెలియోన్ అను పదమున యు అనునది శుభమును, తక్కిన భాగము కబురును దెలుపును. శోభనమైన వార్త సువార్త యని ప్రాదిసమాసము చేసి మూలమును దుల్యముగా దెచ్చిరి. కతోలికులు దీనినే సువిశేషమందురు. "ఏమి విశేషములు?" అని యడుగు తెలుగువానికి విశేషమనగా గబురే, కనుక నదియు సమంజసమే.

మారుమనస్సు అను పదము మఱింత పరిశీలింపదగినది. దీని మూలము మెటానొయా. మెటా యనునది మార్పును, నొయా యనునది మనస్సును జెప్పును. దీనికి బశ్చాత్తాపమను సిద్ధపద మున్నది. అయినను బశ్చాత్తాపమనగా జేసిన పిమ్మట దపించుట. అది గతమును జూచి యేడ్చును. మూలపదము మనస్సు దిక్కు మార్చుకొని ముందునకు నడచుటను జెప్పును. మాఱు అను దేశ్యమును మనస్సను తత్సమముతో గూర్చి మిశ్రసమాసము చేయుటచే నా భేదము నిలిచినది. చిన్నయసూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణమున సమాసములను సాంస్కృతికము, ఆచ్ఛికము, మిశ్రమమని విభజించెను. ఆ మూడవ జాతికి జెందిన యీ పదమును మారుమాట, మారువేషము, మారుతల్లి యను వాడుకలెఱిగిన పల్లెవాడు ప్రయాసలేక గ్రహింపగలడు. ఇది పండితుని చేతిలో బుట్టినను బామరునికి దక్కిన పదము.

కతోలికుల నామములయందును నీ మార్గమే కానవచ్చును. యేసు తన శిష్యుడగు సీమోనునకు శిల యను నర్థము గల పేరు పెట్టెనని సువార్తలు చెప్పుచున్నవి. అరమాయికభాషలో నది కేఫా, గ్రీకున బేత్రోస్. తెలుగు కతోలికుల యిండ్లలో నాతని పేరు రాయప్ప. పౌలుస్ అను లాటిను నామమునకు జిన్నవాడని యర్థము; వారి యిండ్లలో నాతడు చిన్నప్ప. తమిళ కతోలికులయందును నిట్టి పేర్లే కలవు. విదేశనామము నింతగా నింటిపిలుపుగా మార్చిన యనువాదము వేఱొకటి యరుదు. ఆ పేర్లు గలవారిలో నెందఱికి రాయప్పలోని రాయి తెలియునన్నది వేఱు ప్రశ్న. రూఢి బలపడినకొలది యోగార్థము మఱుగుపడుట పదముల స్వభావము.

శాస్త్రపదముల సంక్రమణము

రెండవ దారి ప్రమాదభూయిష్ఠము. పూర్వమొక దర్శనమున బాతుకొన్న పదము తన పాత యర్థమును వెంటబెట్టుకొనియే వచ్చును.

అవతారశబ్దమును జూడుడు. అవపూర్వకమగు తౄధాతువునుండి పుట్టి దిగివచ్చుటను జెప్పును. దేవుడు నరుడై వచ్చెనని చెప్పుట కిది తగినదే యని తోచును. కాని యవతారములు పెక్కు, అవతారపరిసమాప్తియు గలదు. క్రైస్తవసిద్ధాంతమున నా రాక యొక్కసారియే జరిగినది. ధరించిన నరత్వము విడువబడలేదు. అందుచే వేదపుస్తకానువాదమున శరీరధారి యను వేఱు మాట కనబడుచున్నది. కీర్తనకారులు మాత్ర మవతారాది పదములను విడువలేదు. పదము పాడువాని కొకటిగాను, సిద్ధాంతము చెప్పువాని కొకటిగాను దోచుట కిది నిదర్శనము.

మోక్షరక్షణముల భేదమును నిట్టిదే. మోక్షము ముచ్ఛబ్దమూలకము, జననమరణబంధమునుండి విడుదల. రక్షణము ఆపదనుండి కాపాడుట. కాపాడువాడొకడు, కాపాడబడువాడొకడు నందుండవలెను. క్రైస్తవబోధకు రెండవదియే దగ్గఱ.

వాక్యపదము వైయాకరణునకు మిక్కిలి రుచించునది. గ్రీకున లోగోస్ అనునది మాటను, బుద్ధిని, విశ్వవ్యవస్థను గూడ దెలుపును. యోహాను సువార్త యారంభమున గ్రీస్తు కా నామము చెప్పబడినది. తెలుగున నది వాక్యమైనది. భర్తృహరి శబ్దతత్త్వమునే బ్రహ్మమని నిరూపించుటయు, నఖండవాక్యమునకే ప్రాధాన్యమిచ్చుటయు నెఱిగిన పండితునకు వాక్యమను తెనుగుసేత గంభీరముగానే తోచును. బడిపిల్లవానికో, వాక్యమనగా గర్త, కర్మ, క్రియలు గలది! మందిరమున "వాక్యము చెప్పిరి" అనగా నుపన్యసించిరని యర్థము. ఒక్క పదము పండితునకు బరబ్రహ్మమును, బాలునకు వ్యాకరణపాఠమును, భక్తునకు నుపన్యాసమును దెలుపుచుండగా, మూలార్థము నెవరైన విప్పి చెప్పనిది యెట్లు తెలియును?

కృపాశబ్దమును నిట్లే విచారింపవలెను. దుఃఖితుని జూచి కరగుట కృప. గ్రీకున ఖారిస్ అనుదానియందు దుఃఖదర్శనము నియతము కాదు. యోగ్యత చూడక ప్రీతితో నొసగుట యందు బ్రధానము. సంస్కృతమున దీనికి సన్నిహితమైనది ప్రసాదము, కతోలికులు వరప్రసాదమందురు. కాని తెలుగునాట బ్రసాదమనగానే దొన్నెలోని పులిహోర స్ఫురించును. ఇచట నొక వింత గలదు. సంస్కృతమున నుచితమనగా దగినది. తెలుగువాడుకలో నుచితమనగా వెల లేకుండ దొరకునది. తగినవానికి దక్కునది సంస్కృతోచితము. తగకున్నను దక్కునది తెలుగుటుచితము. కృపను బోధించువానికి దెలుగు వాడుకయే యిచట నెక్కువ సాయపడును.

తెచ్చిపెట్టిన పదములు

ఆమేన్, హల్లెలూయా, క్రీస్తు, బాప్తిస్మము, తలాంతు మున్నగునవి మూడవ దారి నడచినవి. వీనిని జూచి కొందఱు పండితులు సంస్కృతధాతువులను వెదకుట గలదు. అది మీమాంసకుల న్యాయమునకు విరుద్ధము. పిక, నేమ, తామరసాది పదములు మ్లేచ్ఛవ్యవహారమునుండి వచ్చినవని గుర్తించి, వానికి నిరుక్తాదులచే నర్థము గల్పింపక, యే జనులు వాడుదురో వారి వాడుకనుండియే యర్థమును గ్రహింపవలెనని వారు నిర్ణయించిరి. ఆ న్యాయము ననుసరించి ఆమేన్ అర్థమును హీబ్రూవారి నడుగవలెను: స్థిరమగుగాక, నిజము. మనకు తథాస్తు దానికి బొరుగుమాట. క్రీస్తు అర్థమును గ్రీకుల నడుగవలెను: అభిషిక్తుడు. రాజాభిషేకము తెలుగువాని కెఱుకయే గదా.

బాప్తిస్మము బాప్తీజో అను గ్రీకుధాతువునుండి వచ్చినది. నీట ముంచుట దాని మూలార్థము. కతోలికు లా కర్మను జ్ఞానస్నానమందురు. జ్ఞానముచేత స్నానమా, జ్ఞానముకొఱకు స్నానమా, జ్ఞానరూపమైన స్నానమా యని విగ్రహమున సందేహము గలిగినను, స్నానశబ్దముచే నీటిని, జ్ఞానశబ్దముచే నది యొడలి మురికికై కాదనుటను నది యొక్కసారిగా దెలుపుచున్నది. బాప్తిస్మశబ్దము తనంతట నేమియు జెప్పదు; కాని చెఱువుగట్టున నా కర్మను జూచినవాడు దాని నెన్నడును మఱువడు. ఇది వ్యవహారముచే నర్థమబ్బుట.

తలాంతు కథ వినోదకరము. అది ప్రాచీనకాలపు తూకము. ఆ తూకపు వెండికి బేరు. యజమానుడు దాసులకు తలాంతుల నప్పగించి పోయిన యుపమానకథను విని విని, తెలుగు క్రైస్తవులు తలాంతనగా నేర్పని యర్థము చేసికొనిరి. పాటపాడు నేర్పును, వీణవాయించు నేర్పును నేడు వారికి తలాంతులే. పదము విదేశీయమైనను గథాసాన్నిధ్యముచే నిచట స్థిరపడినది.

కాలము చేసిన మార్పు

ఇంతవఱకు జెప్పినవి పుట్టుకతోడి చిక్కులు. నేటి శ్రోతకు గలుగు చిక్కు లన్నియు నట్టివి కావు. కొన్ని పదము లొకనాడు స్పష్టముగా నుండి, లోకవ్యవహారము మాఱుటచే నిపుడు మఱుగుపడినవి.

నిబంధన దీనికి బ్రధానోదాహరణము. బంధధాతువునకు నియుపసర్గ చేర్చి కూర్చిన యీ పదము, దేవునికి మనుష్యులకు నడుమ గల విశ్వాసబద్ధమైన యొడంబడికను జెప్పుటకు వాడబడినది. హీబ్రూలో నది బెరీత్. నేడు నిబంధన యనగా గార్యాలయపు షరతు. దరఖాస్తుపత్రము క్రిందను, ప్రకటనల చివరను నిబంధనలు వర్తించునని చదువు యువకునకు బాతనిబంధన, క్రొత్తనిబంధన యనగా బాత షరతులు, క్రొత్త షరతులని తోచుట సహజము. ప్రేమసంబంధమును జెప్పవలసిన మాట యాంక్షాపట్టికయై కూర్చున్నది.

రక్షణ యనగానే సైన్యమును, రక్షణశాఖయు స్ఫురించుచున్నవి. సంఘమన్నచో సహకారసంఘము, మహిళాసంఘము ముందు నిలుచుచున్నవి. పాణిని సంఘశబ్దమును గణార్థమున నిపాతనముచే సాధించెను. దానియందు జనసమూహము మాత్రమే గలదు. గ్రీకు ఎక్లేసియాయందు బిలువబడి కూడినవారను భావ మున్నది. పిలిచినవాడెవడన్న ప్రశ్న సంఘపదమున లేదు. కతోలికుల శ్రీసభయందును లేదు. నీతిశబ్దము నీధాతుజము, నడపునది నీతి. బడిలో నీతికథ యనగా బుద్ధులు చెప్పు కథ. పౌలు లేఖలయందలి నీతి దేవుని న్యాయసభలో నిర్దోషిగా నిలుచుట. బుద్ధులు నేర్చినవాడే నీతిమంతుడని పిల్లవాడనుకొన్నచో, నా లేఖలలోని ముఖ్యవాదమే తలక్రిందులగును.

ఇక వస్తువులే పోయిన పదములు గలవు. కాడి, కళ్లము, చేట, పొట్టు, కాపరి, మంద యను పాలస్తీనా పల్లెమాటలు తెలుగుపల్లెకు స్వంతము. నూఱేండ్ల క్రిందట వానిని విన్న పాలేరునకు భాష్యమక్కఱలేదు. కళ్లమున దూర్పాఱబట్టి వచ్చిన చేతులవి. నేడు వరికోత యంత్రము చేతికి వచ్చినది. ఎద్దుమెడ కాడి ట్రాక్టరుకు దావిచ్చినది. పట్టణమున బెరిగిన బాలునకు గాడి యెత్తుకొనుమన్న మాట దేశ్యమైనను, సులభమైనను నర్థము కాదు. వాడుకభాష కావలెనను పక్షమువా రిచట గమనింపవలసిన దొకటి గలదు. కాడికంటె వాడుకమాట మఱొకటి లేదు. పోయినది మాట కాదు, ఎద్దులు.

ఆరాధనమున నర్థబోధ

శబ్దమునకు వ్యవహారము తోడైనపు డర్థమెట్లు కుదురునో తెలుగు క్రైస్తవుల చరిత్రయే చూపుచున్నది. పురుషోత్తమ చౌదరి (1803–1890) పర్లాకిమిడి ప్రాంతమువాడు, 1833లో గ్రైస్తవుడయ్యెను. అతడు రచించిన కీర్తనలు ఆంధ్రక్రైస్తవకీర్తనలలో జేరి నేటికిని బాడబడుచున్నవి. పల్లవియు, జరణములును, రాగతాళనిర్దేశమును గల యా రచనలు భజన యెఱిగిన చెవికి గ్రొత్తగా దోచవు. ఒకడు చరణము నెత్తుకొనుట, పదుగురు పల్లవి నందుకొనుట యను నా పద్ధతిలో నక్షరము రానివానికిని సిద్ధాంతము కంఠస్థమయ్యెను. ఎఱిగిన రాగము నడుమ నెఱుగని పదముంచుట సిద్ధపదసాన్నిధ్యమునకు సోదరమైన యుపాయము.

దోర్నకల్లు అధ్యక్షమండలము 1912లో నేర్పడెను. దాని మొదటి బిషప్పు వేదనాయకం శామ్యూల్ అజరయ్య (1874–1945) తిరునెల్వేలి తమిళుడు. ఆంగ్లికను సంఘమున బిషప్పైన ప్రథమభారతీయుడు. ఆ మండలమున మందిరముల జేరినవారిలో బెక్కురు నిరక్షరులగు వ్యవసాయకూలీలు, మాల మాదిగలు. వారికి బోధ పుస్తకముచే జరుగలేదు. దినమంతయు బొలమున గష్టించి వచ్చినవారికి రాత్రివేళ బాట, కథ, ప్రశ్నోత్తరముల రూపమున జరిగెను. పంట చేతికి వచ్చినపుడు ధాన్యమును, గోళ్లను, కూరలను దెచ్చి మందిరమున నర్పించు పండుగ వారికి గృతజ్ఞత యను పదమునకు భాష్యమయ్యెను. 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడిన దోర్నకల్లు మహాదేవాలయమున హైందవాలయరీతి స్తంభములును, మసీదుల రీతి గుమ్మటములును గలిసియుండుట గూడ నట్టి ప్రయత్నమే. రాతితో జేసిన యనువాదము.

కతోలికుల బలిపూజ 1960ల వఱకు లాటినుభాషలో జరిగెడిది. రెండవ వాటికను మహాసభ 1963 డిసెంబరు 4న బ్రకటించిన యారాధనశాసనము దేశభాషలకు ద్వారము తెఱచెను. 1969లో భారతదేశమునకు బన్నెండు విషయములలో మార్పు లనుమతింపబడినవి: పాదరక్షలు విడుచుట, నేలపై గూర్చుండుట, పంచాంగప్రణామము, క్రొవ్వొత్తికి బదులు నూనెదీపము, ముద్దిడుటకు బదులు తాకి కన్నుల నొత్తుకొనుట, ఆరతి మున్నగునవి. 1947 సెప్టెంబరు 27న నేర్పడిన దక్షిణ ఇండియా సంఘము సమాధానవచనమును ముఖ్యాచార్యునినుండి చేతికి జేయి తాకించుచు వరుసగా గడపటివానివఱకు నందించు పద్ధతిని దన యారాధనక్రమమున జేర్చెను. సమాధానమను మాటకు బడిలో జవాబని యర్థము. చేయి చేతిని దాకినపు డా మాటకు శాంతి యని యర్థము నిఘంటువు లేకయే తెలియును.

ప్రభురాత్రిభోజనమును గూడ నిట బేర్కొనదగును. ఉదయమున జరుగు కర్మకు రాత్రిభోజనమని పేరేలయని పిల్లలడుగుట న్యాయము. మరణమునకు ముందటి రాత్రి క్రీస్తు శిష్యులతో భుజించిన కథను దెలిసినవానికే యా రాత్రి పదము సార్థకము. పేరు మార్చి ప్రాతఃకాలభోజన మన్నచో సందేహము పోవును. దానితోడనే కథయు బోవును.

ఎవనికి బోధపడవలెను?

ఇచటనే యొక గంభీరమైన యాక్షేపము వచ్చును. ఆరతి, యంగవస్త్రము, సంస్కృతమంత్రము మున్నగువానిచే నారాధన దేశీయమగునని పండితులు తలచిరి. ఎవరి దేశీయము? తెలుగు క్రైస్తవులలో నధికసంఖ్యాకుల పూర్వులకు దేవాలయప్రవేశమే లేకుండెను. సంస్కృతము వారి చెవి సోకరాదని శాసించిన గ్రంథములు గలవు. వారికి డప్పును, జముకును, యేల పదమును దేశీయములు గాని షోడశోపచారములు గావు. 1980ల నుండి ప్రబలిన దళితవేదాంతమీ ప్రశ్నను స్పష్టముగా నడుగుచున్నది. తాతలను వాకిట నిలిపిన సంప్రదాయపు టలంకారములను మనుమలకు దొడిగి యిది మీదే యనుట బోధ కాదు.

ఈ యాక్షేపము సత్యము. ఇది సంస్కృతపదము లన్నిటిని దీసివేయుమని చెప్పుట లేదు. సువార్త, కృప, రక్షణ యను పదములు తరతరములుగా నా జనుల కష్టసుఖములలో బలుకబడి, శవము ముందు నేడ్చునపుడును, నాటు వేయునపుడును బాడబడి, వారివే యైనవి. పదమునకు స్వామిత్వము ధాతువునుబట్టి రాదు, వాడుకనుబట్టి వచ్చును. అందుచే దెలిసెనా లేదా యను దానికి బ్రమాణము పండితుని సమ్మతి గాదు. వెనుకవరుసలో గూర్చున్న కూలిమనిషి తలయూపు.

ఉపాధ్యాయుని పని

ఇక నొక్క పదమును దీసికొని యెనిమిది యుపాయములును నెట్లు కలిసి పనిచేయునో చూపిన జాలును. నిబంధన యనుదానినే గ్రహింపుడు. బంధధాతువునుండి వచ్చినది, కట్టుబడి యని చెప్పుట వ్యాకరణము. నిఘంటువున నియమమని యొక యర్థము, నొడంబడిక యని యొక యర్థము గలదని చూపుట కోశము. రెండింటిలో నేది యిచట గ్రాహ్యము? యవశబ్దమునకు వాడుక రెండు తెఱగులైనపుడు తరువాతి వాక్యమును జూచి యర్థమును నిర్ణయించినట్లు, నిబంధన వచ్చిన ప్రతి చోటను ముందువెనుకలను జూచినచో నొడంబడికయే నిలుచును, ఇది వాక్యశేషము. నిబంధన యనునపుడెల్ల బ్రక్కన నొడంబడిక యను తెలిసిన పదమునుంచి పలుకుట సిద్ధపదసాన్నిధ్యము. ఇది బేరము వంటిది కాదు, మాటయిచ్చి కడదాక నిలుచు వివాహబంధము వంటిదని యుదాహరించుట యుపమానము. దేవుడు తప్పినవారినిగూడ విడువనని చేసిన ప్రతిజ్ఞ యని విప్పి చెప్పుట వివృతి. ఈ యర్థమును సంఘమున విశ్వసనీయుడగు పెద్ద నోట వినిపించుట యాప్తవాక్యము. పానపాత్ర నందఱు నందుకొనునపుడు, నెవడును విడువబడకుండ గడపటివానివఱకు నదే పాత్ర చేరుటను గన్నులార జూపుట వ్యవహారము.

ఆవును దెమ్మని వృద్ధుడు చెప్పగా, వేఱొకడు దెచ్చుటను జూచి బాలు డావను పదమును నేర్చునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఆవును దెచ్చువాడు లేనిచో వృద్ధుడెన్నిసార్లు చెప్పినను, యెంత తేటతెలుగున జెప్పినను బాలునకు దెలియదు. నిబంధనను బోధించు సంఘమున నొకని నొకడు విడిచిపెట్టుచున్నచో, నొకే పాత్రయందు ద్రాగుటకు నేటికిని గులము చూచుచున్నచో, నా పదమున కర్థము చెప్పు వివృతులన్నియు వ్యర్థములు. శ్రోత వినిన దానిని గాక చూచిన దానినే యర్థముగా గ్రహించును.

కనుక బాతపదములను బ్రతిసారి మార్చుటయు, నెన్నడును విప్పకుండుటయు నొక్క దోషముయొక్క రెండు రూపములు. మార్చువాడు శ్రోతపై విశ్వాసము లేనివాడు. విప్పనివాడు శ్రోతపై దయ లేనివాడు. ఉచ్చారణతో దృప్తినందక, వల్లించువా డేమి గ్రహించెనో యడిగి తెలిసికొనుట తెలుగుబడి పంతుళ్ల పాతయలవాటు. పాఠమును వినిపించుకొన్న పిమ్మట "అర్థము చెప్పు" మనువా డుపాధ్యాయుడు. ప్రార్థనామందిరమున నా మాట యడుగువా డుండవలెను. అడిగినపు డోపికతో జెప్పువాడును నుండవలెను.